ఇంటి గుమ్మానికి రెండు తలుపులు: రక్షణ, గాలి, మర్యాద

ఇల్లు కట్టుకునే కుటుంబం నేలబండల రంగు గురించి వారాల తరబడి చర్చిస్తుంది. వంటగది అల్మారాల కోసం పది దుకాణాలు తిరుగుతుంది. తలుపుల వంతు వచ్చేసరికి చేతిలోని డబ్బూ అయిపోతుంది, ఓపికా అయిపోతుంది. కొత్త ఇంట్లో చేరవలసిన తేదీ దగ్గరపడుతుంది. అప్పుడు దుకాణంలో సిద్ధంగా ఉన్న తలుపును తెచ్చి బిగించడమో, "మీకు తోచినట్లు చేసిపెట్టండి" అని వడ్రంగికి వదిలేయడమో జరుగుతుంది. ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్లపాటు ఆ ఇంటి స్త్రీలు, పిల్లలు, వృద్ధులు ఆ తలుపుతోనే కాలం గడపాలి.

నిజామాబాద్, కరీంనగర్, కడప వంటి జిల్లాలలో ఇంటి యజమాని గల్ఫ్ దేశాలలో పనిచేస్తుండగా, ఇంట్లో తల్లి, భార్య, చిన్నపిల్లలు మాత్రమే ఉండే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పట్టణాలలోనూ పురుషులు ఉదయం వెళ్తే చీకటి పడ్డాకే తిరిగివస్తారు. పగలంతా వీధి తలుపు మూసి ఉంచితే ఇంట్లోకి గాలి రాదు. తెరిచి ఉంచితే రక్షణ లేదు, మరుగు లేదు, పైగా దోమల బెడద. గుమ్మానికి లోపల గట్టి చెక్క తలుపు, బయట గాలి ఆడే జాలీ తలుపు, ఇలా రెండు ఉండాలనే ఆలోచన ఈ ఇబ్బందిలోంచే పుట్టింది. ఈ రెండింటినీ మన ఇంటి కొలతకు, మన అవసరానికి తగినట్లు ఎలా చేయించుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం.

మదీనాలో ఒక తలుపు

ఇమామ్ బుఖారీ (రహ్మలై) సంకలనం చేసిన 'అల్ అదబుల్ ముఫ్రద్' గ్రంథంలో హజ్రత్ ఆయిషా (రజి) గారి ఇంటి తలుపు ప్రస్తావన ఉంది. ఆ తలుపుకు ఒకే రెక్క ఉండేదట. అది అర్‌అర్ చెక్కదో, సాజ్ చెక్కదో అని ఉల్లేఖకులు చెప్పారు. అరబ్బీలో సాజ్ అంటే టేకు. దైవప్రవక్త (సఅసం) మస్జిదును హజ్రత్ ఉస్మాన్ (రజి) విస్తరించినప్పుడు పైకప్పుకు సాజ్ కలపనే వాడించారని సహీహ్ బుఖారీలో ఉంది. అది హిజ్రీ 29వ సంవత్సరపు సంగతి. టేకు అరేబియా గడ్డపై పెరిగే చెట్టు కాదు. ప్రాచీన కాలం నుండీ భారతదేశపు పడమటి తీరపు రేవుల నుండి ఓడలలో అక్కడికి చేరేది. నేడు మనం టింబర్ డిపోలో ఎంచుకునే చెక్క జాతి ఇస్లాం తొలి శతాబ్దిలోనే మదీనా వాసులకు తెలిసినదన్నమాట.

ఆ ఇంటి తలుపుకు ఆడంబరం లేదు. కాని అది చేయవలసిన పని చేసింది. మన తలుపును ఎంచుకునేటప్పుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే: ఈ తలుపు ఏ పని చేయాలి?

చూపుకు సంబంధించిన మర్యాద

దివ్యఖుర్‌ఆన్‌లోని నూర్ సూరా ఇతరుల ఇళ్లలోకి అనుమతి తీసుకోకుండా, సలాం చేయకుండా ప్రవేశించరాదని విశ్వాసులను ఆదేశిస్తుంది. తిరిగి వెళ్లమంటే నొచ్చుకోకుండా తిరిగి వెళ్లాలని కూడా బోధిస్తుంది. దైవప్రవక్త (సఅసం) ఎవరి ఇంటికైనా వెళ్లినప్పుడు తలుపుకు ఎదురుగా నిలబడేవారు కాదు, కుడివైపో ఎడమవైపో నిలిచి సలాం చెప్పేవారు. ఆ రోజులలో చాలా ఇళ్ల గుమ్మాలకు తెరలు ఉండేవి కావని అబూ దావూద్ హదీసు గ్రంథంలో కారణం కూడా ఉంది. అనుమతి నియమం ఏర్పడినదే చూపును కాపాడటం కోసమని ఆయన స్పష్టం చేశారు.

ఈ బోధనలు సందర్శకునికి ఎంత వర్తిస్తాయో ఇంటి నిర్మాణానికీ అంతే వర్తిస్తాయి. తలుపు తీసిన క్షణంలో వీధిలోని మనిషికి ఇంటి లోపలి గది వరకు కనిపించేలా గుమ్మం ఉంటే, మర్యాదస్తుడైన అతిథి కూడా ఇబ్బంది పడతాడు. ఇంట్లోని స్త్రీ తలుపు చాటున నిలిచి మాట్లాడాలంటే రెక్క ఏ వైపుకు తెరుచుకోవాలో ముందే ఆలోచించాలి. రెక్క కీళ్లు ఇంటి లోపలి భాగం వైపు ఉంటే, తలుపు కొద్దిగా తెరిచినప్పుడు ఆ రెక్కే తెరలా అడ్డు నిలుస్తుంది. కీళ్లు గోడ వైపు ఉంటే, తెరిచిన సందులోంచి ఇల్లంతా కనిపిస్తుంది. ఈ మార్పుకు ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు, వడ్రంగికి ముందుగా చెప్పడమే కావలసింది.

బయటివారిని చూడటానికి తలుపుకు అమర్చే చిన్న అద్దపు కన్ను విషయమూ ఇంతే. దానిని సాధారణంగా పొడవైన పురుషుని కంటి ఎత్తున పెడతారు. పగలు ఇంట్లో ఉండేది ఎవరో వారి ఎత్తుకు దానిని అమర్చాలి. పిల్లల కోసం దిగువన రెండోది పెట్టినా మంచిదే. లోపలివైపు దానికి చిన్న మూత ఉండేలా చూసుకోవాలి. అప్పుడు అది మన చూపుకే గాని పరాయి చూపుకు పనికిరాదు.

సికింద్రాబాద్‌లో తెలిసిన రహస్యం

జాలీ తలుపును కొందరు విలాసంగా భావిస్తారు. దాని చరిత్ర వేరు. మలేరియాకూ దోమకూ ఉన్న సంబంధం 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రుజువైంది. రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ పరిశోధనలకు ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. మూడేళ్ల తర్వాత, 1900లో, ఇటలీలోని ఓస్టియా సమీపపు చిత్తడి నేలల్లో ఇద్దరు వైద్యులు, లో మరియు సాంబన్, దోమలు చొరబడకుండా జాలీలు బిగించిన గుడిసెలో మలేరియా కాలమంతా నివసించారు. సాయంకాలం నుండి తెల్లవారేదాకా లోపలే ఉండేవారు. చుట్టుపక్కల ప్రజలు జ్వరాలతో బాధపడుతుండగా వారికి మలేరియా రాలేదు. గుమ్మానికీ కిటికీకీ బిగించే జాలీ మందుతో సమానమైన రక్షణ ఇవ్వగలదని అలా రుజువైంది.

మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది. డెంగ్యూ, చికున్‌గున్యా మోసుకొచ్చే దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం చీకటి పడే ముందు. కాబట్టి రాత్రి తలుపు మూసుకుంటున్నాం కదా అన్న ధీమా చాలదు. పగలు తెరిచి ఉండే గుమ్మానికే జాలీ ఎక్కువ అవసరం.

జాలీ కన్ను ఎంత ఉండాలి? దోమతెరలలో చదరపు అంగుళానికి 156 రంధ్రాలు ఉండేది ప్రామాణికమైనదిగా చెబుతారు. అంటే ఒక్కో రంధ్రం సుమారు 1.2 మిల్లీమీటర్లు. తలుపు జాలీకి కూడా అంతకు మించని రంధ్రం ఉంటే దోమ ఆగుతుంది, గాలి ఆడుతుంది. ఫైబర్ జాలీ చవక. కాని పిల్లి గోరు తగిలితే చిరుగుతుంది, ఎలుక కొరికేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ మన్నుతుంది. లోతట్టు ప్రాంతాలకు 304 రకం సరిపోతుంది. మచిలీపట్నం, విశాఖపట్నం వంటి తీరపట్టణాలలో ఉప్పుగాలికి 316 రకం తీసుకోవడం మేలు. జాలీ ఎంత మంచిదైనా తలుపు కింద సందు మిగిలితే దోమకు అదే రాజమార్గం. అడుగు అంచుకు బ్రష్ పట్టీ వేయించడం మరువరాదు.

పగటి చూపు, రాత్రి చూపు

జాలీ తలుపు మరుగునిస్తుందా? పగలు ఇస్తుంది. బయట వెలుగు ఎక్కువ, ఇంట్లో వెలుగు తక్కువ కాబట్టి లోపలివారికి వీధి కనిపిస్తుంది, వీధిలోవారికి జాలీ మాత్రమే కనిపిస్తుంది. కైరో నగరపు పాత ఇళ్లలో చిన్నచిన్న కొయ్యముక్కలను అల్లి చేసిన మష్రబియా కిటికీలు ఈ సూత్రం మీదే పనిచేశాయి. హైదరాబాద్ పాత ఇళ్ల వరండాలకు వేలాడదీసే చిల్మన్ కూడా అంతే.

దీపాలు పెట్టగానే ఈ లెక్క తలకిందులవుతుంది. ఇప్పుడు వెలుగు లోపల, చీకటి బయట. లోపలివారికి వీధి కనిపించదు, వీధిలోవారికి ఇల్లంతా కనిపిస్తుంది. చాలామంది గృహిణులు ఈ సంగతి గుర్తించక, జాలీ తలుపు వేసే ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు. అందువల్ల జాలీ తలుపుకూ చెక్క తలుపుకూ తోడుగా లోపల ఒక తెర ఉండాలి. మగ్రిబ్ అజాన్ వినగానే ఆ తెర లాగడం ఇంటి అలవాటు కావాలి. రాత్రి వేళ అల్లాహ్ పేరు స్మరించి తలుపులు మూయమని, దీపాలు ఆర్పమని, చీకటి పడుతుండగా పిల్లలను బయట తిరగనీయవద్దని దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన ఉపదేశం సుప్రసిద్ధం.

తలుపు కింది భాగం, సుమారు మూడు అడుగుల ఎత్తు వరకు, గట్టి చెక్క పలకతోనో దగ్గరగా అల్లిన కొయ్య జాలీతోనో చేయించడం ఉత్తమం. పాకే పిల్లలు, కాలి తాపులు, వీధికుక్కలు, వానజల్లు, అన్నిటి దెబ్బా ఆ భాగానికే తగులుతుంది. కింద కూర్చున్నవారికి మరుగు కూడా దొరుకుతుంది. పైభాగంలో జాలీ, దానికి వెలుపల ఊచలో చెక్క కమ్ములో ఉంటే గాలికీ రక్షణకూ సరిపోతుంది.

చెక్కను ఎంచుకోవడం

టేకుకు ఇంత విలువ ఎందుకు? దాని చేవలో సహజమైన నూనె ఉంటుంది. చెదలు సులభంగా పట్టదు. ఎండకూ వానకూ పెద్దగా వంగదు. జాలీ తలుపు విషయంలో ఈ చివరి గుణం చాలా ముఖ్యం. చెక్క తలుపు నిండుగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి వంపును తట్టుకుంటుంది. జాలీ తలుపు సన్నని నాలుగు కొయ్యల చట్రం మాత్రమే. ఏ ఒక్క కొయ్య వంగినా తలుపు మూసుకోదు. డబ్బు పరిమితంగా ఉన్నవారు ద్వారబంధానికి నల్లమద్ది, వేగిస వంటి గట్టి కలప వాడుకుని, టేకును జాలీ తలుపు చట్రానికి మిగుల్చుకోవచ్చు. వేపకు చేదువల్ల పురుగు తక్కువే గాని, బాగా ఆరకపోతే వంగుతుంది.

డిపోలో బల్లార్షా టేకు, బర్మా టేకు, ఆఫ్రికా టేకు అని పేర్లు వినిపిస్తాయి. పేరు వినడం కంటే చెక్క కొనను చూడటం మంచిది. మధ్యలోని ముదురు రంగు భాగం చేవ. బెరడు పక్కన ఉండే లేత రంగు భాగంలో చేవ ఉండదు, చెదలు మొదట అక్కడే పడుతుంది. చేవ లేని తెల్లచెక్క ఎక్కువగా ఉన్న దుంగ టేకే అయినా టేకు పని చేయదు. పాలిష్ పట్టించాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి చూడవలసింది పాలిష్‌కు ముందే.

చెక్క ఆరిందా లేదా అన్నది రెండో పరీక్ష. పచ్చి చెక్కతో చేసిన తలుపు మొదటి వేసవిలోనే పగుళ్లిస్తుంది. తేమ కొలిచే చిన్న పరికరం చాలామంది వ్యాపారుల వద్ద ఉంటుంది. 12 శాతానికి అటూ ఇటూ ఉంటే తలుపుకు అనుకూలం. కూల్చిన పాత ఇళ్ల నుండి వచ్చే టేకు దూలాలు, ద్వారబంధాలు దొరికితే వాటిని చిన్నచూపు చూడవద్దు. దశాబ్దాల తరబడి ఆరిన చెక్క అది. మేకులు తీయించి, పురుగు లేదని చూసుకుని వాడితే కొత్తదానికంటే నమ్మకంగా నిలుస్తుంది.

ఇంకొక మాట. తక్కువ ధరకు టేకు ఇస్తామని రాత్రిపూట దించే సరుకు గురించి జాగ్రత్త. కలప నరకడానికీ రవాణాకూ ప్రభుత్వ అనుమతులు ఉండాలి. అడవి నుండి దొంగచాటుగా వచ్చిన కలప ప్రజల ఆస్తి. అది తెలిసీ కొనడం దొంగిలించిన సొమ్మును కొనడమే. బిల్లు అడగండి, భద్రపరచుకోండి. ఏ గుమ్మం గుండా మన పిల్లలు నమాజుకు వెళ్తారో ఆ గుమ్మం ధర్మసమ్మతమైనదై ఉండాలి.

బలం ఎక్కడ ఉంటుంది?

తలుపు మందం చూసి మురిసిపోతాం. కాని దొంగ ప్రయత్నించేది పలక మీద కాదు, తాళం నాలుక ద్వారబంధంలోకి దిగే చోట. అక్కడి ఇనుప పట్టీని అర అంగుళం స్క్రూలతో బిగిస్తే, రెండంగుళాల మందపు తలుపైనా ఒక్క తోపుకు తెరుచుకుంటుంది. స్క్రూలు రెండు అంగుళాలకు తగ్గకూడదు. ద్వారబంధాన్ని గోడలో పట్టి ఉంచే ఇనుప హోల్డ్‌ఫాస్టులు ఒక్కోవైపు మూడేసి ఉండాలి. వాటి చుట్టూ కాంక్రీటు గట్టిగా కూరాలి. బరువైన తలుపుకు మూడు మడతబందులు తప్పనిసరి, నాలుగుంటే ఇంకా మంచిది.

జాలీ తలుపు బయటికి తెరుచుకుంటుంది. కాబట్టి దాని మడతబందుల ఇరుసు వీధివైపు ఉంటుంది. ఆ ఇరుసును పైకి తట్టి ఊడదీస్తే తాళం తీయకుండానే తలుపు చేతికొస్తుంది. ఇరుసు ఊడిరాని రకం మడతబందులను అడిగి తీసుకోవాలి. మరో లోపం ఇంకా సాధారణం. జాలీని బ్లేడుతో కోసి, ఊచల సందున చేయి దూర్చి లోపలి గడియ తీయవచ్చు. గడియ ఉన్న చోట చుట్టూ ఒక అడుగు మేర జాలీ లేకుండా చెక్క పలక ఉండాలి, లేదా ఊచల సందు చేయి దూరనంత ఇరుకుగా ఉండాలి.

దీనికి విరుగుడుగా కొందరు లోపలి నుండి కూడా తాళంచెవితోనే తెరుచుకునే తాళం బిగిస్తారు. అది ప్రమాదకరం. వంటగదిలో మంట లేచిన రాత్రి, పొగలో తాళంచెవి కోసం వెతికే సమయం ఉండదు. లోపలి నుండి రెండు తలుపులూ తాళంచెవి లేకుండా, ఒక చేత్తో, చీకటిలో తెరుచుకోవాలి. ఇంటిలోని పదేళ్ల బిడ్డ చేత, డెబ్బై ఏళ్ల నాన్నమ్మ చేత ఒకసారి తీయించి చూడండి. వారు తీయలేకపోతే ఆ తలుపు దొంగను ఆపినా ఇంటివారినీ ఆపుతుంది. ఒంటరిగా ఉండే వృద్ధులు లోపల గడియ వేసుకుని పడిపోయిన సందర్భంలో బయటి నుండి తెరిచే మార్గం కూడా ఉండాలి. మరో తాళంచెవి నమ్మకమైన బంధువు వద్దనో పొరుగింట్లోనో ఉంచడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న బోధన మనకు తెలిసినదే.

రెండు తలుపులకు ఒక ద్వారబంధం

వేర్వేరుగా కొన్న రెండు తలుపులు ఒకే గుమ్మంలో ఇమడవు. ఇక్కడే కొలిచి చేయించడం అవసరమవుతుంది. లెక్క ఇలా వేయవచ్చు. ద్వారబంధం లోతు 5 అంగుళాలు అనుకుందాం. లోపలి తలుపు మందం ఒకటిన్నర అంగుళం, జాలీ తలుపు మందం అంగుళంపావు. రెండూ కలిసి రెండుముప్పావు అంగుళాలు. రెంటి మధ్య మిగిలేది రెండుంపావు అంగుళాలు. చెక్క తలుపు బయటి పిడి, జాలీ తలుపు లోపలి గడియ, ఈ రెండూ ఆ సందులోనే ఒదగాలి. ఎదురెదురుగా పెడితే ఒకదానికొకటి తగులుతాయి. ఒకటి పైకి, ఒకటి కిందకి మార్చాలి. ద్వారబంధం 4 అంగుళాలే అయితే మిగిలేది అంగుళంపావు. అప్పుడు సాధారణ పిడి పట్టదు.

కలప ఎంత పడుతుందో కూడా మనమే లెక్కించుకోవచ్చు. 5 అంగుళాలు, 3 అంగుళాల కొయ్యతో ఏడేసి అడుగుల నిలువులు రెండు, 4 అడుగుల పైకొయ్య ఒకటి, మొత్తం 18 అడుగులు. 5ను 3తో గుణించి, 144తో భాగించి, 18తో గుణిస్తే 1.875 ఘనపుటడుగులు వస్తుంది. డిపోలో ధర ఘనపుటడుగుకే చెబుతారు. ఈ లెక్క తెలిసిన ఇల్లాలిని ఎవరూ మభ్యపెట్టలేరు.

ఇక చేసే తీరు. చట్రపు కొయ్యలను మేకులతో కాక, ఒకదాని కొనను నాలుకలా చెక్కి రెండోదాని గూటిలో దూర్చి కలపాలి. చట్రంలోని పలకలను గాడిలో వదులుగా నిలపాలి, జిగురుతో అంటించకూడదు. చెక్క వానకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. కదలడానికి చోటు లేని పలక పగులుతుంది. మే నెలలో చేయించిన తలుపుకు చుట్టూ సుమారు 3 మిల్లీమీటర్ల సందు వదలకపోతే ఆగస్టులో అది బిగుసుకుంటుంది. పాలిష్ వేసేవారు తలుపు పై అంచును, కింది అంచును వదిలేస్తారు, ఎవరికీ కనిపించవని. చెక్క నీటిని ఎక్కువగా పీల్చేది ఆ అంచుల నుండే. ఆరు ముఖాలకూ పూత పడాలి.

ఒప్పందం: ఫిఖహ్ ఏమంటుంది?

కొలత చెప్పి వస్తువు చేయించుకునే ఒప్పందాన్ని ఫిఖహ్ పరిభాషలో 'ఇస్తిస్నా' అంటారు. లేని వస్తువును అమ్మడం సాధారణంగా సమ్మతం కాదు. అయినా ప్రజల అవసరాన్ని, తరతరాల ఆచారాన్ని బట్టి హనఫీ న్యాయవేత్తలు దీనిని అనుమతించారు. దైవప్రవక్త (సఅసం) ఒక అన్సారీ మహిళకు కబురు పంపి, వడ్రంగి అయిన ఆమె సేవకునిచేత మింబరు చేయించిన ఉదంతాన్ని వారు ఆధారంగా చూపుతారు. గాబా ప్రాంతపు చెట్టు కలపతో చేసిన ఆ మింబరుకు మూడు మెట్లు ఉండేవి.

ఇస్తిస్నా చెల్లుబాటు కావాలంటే వస్తువు రకం, కొలత, గుణం, ధర స్పష్టంగా తెలిసి ఉండాలి. తయారైన తర్వాత చూసి వద్దనే హక్కు చేయించినవారికి ఉందని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయం. చెప్పిన గుణాలకు సరిపోతే వద్దనే హక్కు లేదని, లేకపోతే పనివానికి నష్టం కలుగుతుందని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) అభిప్రాయం. ఉస్మానియా ప్రభుత్వం రూపొందించిన 'మజల్లా' న్యాయసంహిత రెండో అభిప్రాయాన్నే స్వీకరించింది. ఆలోచించి చూస్తే ఇందులో న్యాయం ఉంది. మన గుమ్మం కొలతకు చేసిన తలుపును మనం వద్దంటే ఆ వడ్రంగి దానిని ఇంకెవరికి అమ్ముకోగలడు?

కొంతకాలం క్రితం ఇలాంటి తగాదా ఒకటి మా మదర్సాకు వచ్చింది. ఇంటి యజమాని ఐదు అంగుళాల ద్వారబంధం చెప్పాడు. కాగితంపై అంతే రాశారు. చిత్రిక పట్టాక అది నాలుగుముప్పావు అంగుళాలైంది. ఆయన ముందే కొని ఉంచిన పిడి బిగిస్తే జాలీ తలుపు గడియకు తగిలి, రెండు తలుపులూ ఒకేసారి మూసుకోవడం లేదు. "పావు అంగుళం కాజేశావు" అని యజమాని. "కోత కొలత ఐదే, చిత్రిక పడితే తగ్గదా?" అని వడ్రంగి. మిగిలిన సొమ్ము ఆగిపోయింది. వడ్రంగి ఇంట్లో పెళ్లి పనులు ఆగిపోయాయి.

మేము ఆ బజారులోని మరో ఇద్దరు పనివారిని విచారించాము. అక్కడ కొలత అంటే కోత కొలతే. ఆచారంలో ప్రసిద్ధమైనది షరతు పెట్టినదానితో సమానమన్నది ఫిఖహ్ సూత్రం. కాబట్టి వడ్రంగి మోసం చేయలేదు, యజమాని సొమ్ము ఆపడానికి వీలు లేదు. అయితే పిడిని అతనికి ముందే చూపించి ఉన్నారు. పని తెలిసినవాడు హెచ్చరించి ఉండవలసింది. చివరికి తలుపులో ఇమిడిపోయే రకం పిడిని యజమాని కొనేటట్లు, దానిని కూలి తీసుకోకుండా వడ్రంగి బిగించేటట్లు రాజీ కుదిరింది. అదే రోజు మిగిలిన సొమ్ము చెల్లించారు. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి ఇవ్వాలన్న హదీసును ఇద్దరికీ గుర్తుచేయవలసిన అవసరం కూడా రాలేదు.

కాబట్టి కాగితంపై ఈ అంశాలు రాసుకోండి: చెక్క రకం, తెల్లచెక్క ఉండవచ్చా లేదా, కొలత కోతకు ముందుదా చిత్రిక తర్వాతదా, రెక్కలు ఏ వైపుకు తెరుచుకోవాలి, జాలీ రకం, మడతబందుల సంఖ్య, సామాను ఎవరు తేవాలి, పాలిష్ ఎవరి బాధ్యత, ఏ తేదీకి ఇవ్వాలి, సొమ్ము ఎన్ని విడతలు. మిగిలిన చెక్క ఎవరిదన్నది కూడా రాయండి. చిన్న విషయమే, కాని మనసులు విరిగేది ఇలాంటి చోటే.

అలంకరణకు హద్దు

ముఖద్వారం అందంగా ఉండాలనుకోవడంలో తప్పు లేదు. లతలు, పూలు, కోణాల అల్లికలు ఇస్లామీయ కళకు సహజమైనవి. ప్రాణుల బొమ్మలు చెక్కించడం మానుకోవాలి. ఆయతులను తలుపుపై చెక్కించాలన్న కోరిక భక్తితో వచ్చినదే. కాని తలుపు ధడాలున మూస్తాం, దానిపై దుమ్ము పడుతుంది, చెప్పులు దాని పక్కనే విడుస్తాం. గోడల మీద ఆయతులు రాయడాన్నే హనఫీ పండితులు అయిష్టకరంగా పరిగణించారు. ఇంట్లో ఆ ఆయతుల పారాయణం జరగడం తలుపుకు గొప్ప అలంకారం. దిష్టి కోసం నిమ్మకాయలు, గుర్రపు నాడాలు వేలాడదీయడం మన విశ్వాసానికి తగదు.

ఖర్చు విషయంలో ఒక కొలబద్ద చెబుతాము. చెక్క, తాళం, జాలీ, మడతబందులు, ఇవి ఇంటివారి రక్షణ. వీటి మీద పెట్టే ఖర్చు దుబారా కాదు. ఎదురింటి తలుపును మించాలని చేయించే చెక్కుడు పని దుబారా. మొదటిదానికి డబ్బు తగ్గించి రెండోదానికి వెచ్చించే కుటుంబాలే ఎక్కువ. బయటికి తెరుచుకునే జాలీ తలుపు సన్నటి సందులో నడిచేవారికి తగలకుండా చూడటం కూడా మన బాధ్యతే. దారిలోని ఆటంకాన్ని తొలగించడం విశ్వాసంలో భాగమైనప్పుడు, దారిలో కొత్త ఆటంకాన్ని నిలపడం ఎలా సమంజసం?

తలుపు ఎంత బలమైనదైనా, సలాం వినిపించినప్పుడు తెరుచుకోవలసినదే. ఆకలిగొన్నవాడు, కష్టంలో ఉన్న పొరుగింటి స్త్రీ, దూరం నుండి వచ్చిన బంధువు జాలీ వెనుక నుండి మన ముఖం చూసి వెనుదిరగకూడదు. పరాయి చూపును ఆపి, గాలిని రానిచ్చి, దొంగను నిలువరించి, అతిథికి దారి ఇచ్చే తలుపును చేయించుకోండి. అల్లాహ్ మన ఇళ్లను శాంతి నిలయాలుగా చేయుగాక. ఆమీన్.